పరిపాలనా దూరం

దుంపలవలసకీ కోటగెడ్డకీ మధ్య దూరం ముప్పయ్యారు కిలోమీటర్లు. మధ్యలో ఒక గెడ్డ, దాని మీద వంతెన, వంతెన దాటితే దీపాలకొండ, కొండ మీద దీపాలమ్మ తల్లి గుడి. బస్సెక్కి, కిటికీ పక్కన సీటు చూసుకుని, వేరుశనక్కాయల పొట్లం విప్పితే అది ఖాళీ అయ్యేలోగా అవతలి ఊరు వచ్చేస్తుంది. ఇంత చిన్న దూరాన్ని ఏనాడూ ఎవరూ పట్టించుకోలేదు, ప్రభుత్వం వారు పట్టించుకునేదాకా.

ఇంత దగ్గరగా ఉన్న ఊళ్ళకి చెరో విమానాశ్రయం ఎందుకని అడక్కండి. దుంపలవలసకి ఇస్తామంటే కోటగెడ్డ జనం రోడ్డుకి అడ్డంగా పడుకున్నారు. కోటగెడ్డకి ఇస్తామంటే దుంపలవలస జనం రైలు పట్టాల మీద పడుకున్నారు. పడుకున్నవాళ్ళని లేపడం కంటే రెండు విమానాశ్రయాలు కట్టడమే తేలికని ప్రభుత్వం తేల్చుకుంది. కట్టాక, ఆ ఊరి నుంచి ఈ ఊరికీ ఈ ఊరి నుంచి ఆ ఊరికీ ఒక విమానం తిప్పితే ఇద్దరి పరువూ నిలబడుతుందని పైవాళ్ళు సెలవిచ్చారు. విమానమూ వచ్చింది. చిన్నదే, కానీ రెక్కలు రెండూ ఉన్నాయి.

ఇప్పిలి లింగరాజు దుంపలవలస విమానాశ్రయంలో అసిస్టెంటు మేనేజరు. ఇల్లు మాత్రం కోటగెడ్డలో. పొద్దున్న బస్సులో వెళ్ళి సాయంత్రం బస్సులో తిరిగొచ్చేవాడు. ఆ రాకపోకలకి గడియారం వాళ్ళమ్మ అచ్చియ్యమ్మ. ఆవిడ అడ్డచుట్ట మనిషి. నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి, ఆ చుట్టతోనే అంట్లు తోముతుంది, ఆ చుట్టతోనే వీధివాళ్ళతో తగువాడుతుంది. కొడుకు బస్సెక్కగానే ముట్టించేది. చుట్ట అయిపోతే కొడుకు ఆఫీసు చేరినట్టు. "మావోడి ఆఫీసెంత దూరమేటి, ఒక చుట్ట" అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేది.

లింగరాజుకి ఆ ఒక్క చుట్ట దూరం ప్రాణంతో సమానం. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి అతని భార్య సుభద్ర నీళ్ళోసుకుంది. ఏడో నెల. బీపీ ఎక్కువగా ఉందనీ, నొప్పులు రాగానే దుంపలవలస పెద్దాసుపత్రికి తెచ్చెయ్యమనీ, ఆలస్యం చేస్తే తల్లికీ బిడ్డకీ కూడా మంచిది కాదనీ డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. లింగరాజు మూడుసార్లు తలూపాడు. రోజూ రాత్రికి ఇంట్లో ఉండాలి, బిడ్డ పుట్టేదాకా ఈ ఊరు కదలకూడదు. అతను దేవుణ్ణి కోరుకున్నది ఇంతే.

దేవుడు వినేలోగా డైరెక్టరు మార్కండేయులు గారు పిలిపించారు.

మార్కండేయులు గారు రెండు విమానాశ్రయాలకీ పెద్ద. ఆయన ఇంట్లో మంచినీళ్ళు అడిగినా "తత్సంబంధంగా" అంటారని ఆఫీసులో ప్రతీతి.

"లింగరాజు గారూ, సదరు పథకం నిబంధనల ప్రకారం, అనుసంధానించబడు రెండు విమానాశ్రయాల మధ్య కనీస దూరం నూట యాభై కిలోమీటర్లు ఉండవలెను. తత్సంబంధంగా పరిశీలించగా మన రెండింటి మధ్య ముప్పయ్యారే ఉన్నట్లు గమనించబడినది. ఇది తీవ్రమైన లోపం."

"ఎవరి లోపం సార్?" అన్నాడు లింగరాజు భయంభయంగా.

"దూరం లోపం. అది బాధ్యతారహితంగా తక్కువగా ఉన్నది. కావున దుంపలవలస విమానాశ్రయాన్ని మూసివేయడం జరుగుతుంది. సిబ్బందిని రేతిగఢ్ విమానాశ్రయంలో సర్దుబాటు చేస్తాము."

"రేతిగఢ్ ఎక్కడండీ?"

డైరెక్టరు గారు గోడ మీది దేశపటం వైపు చూపించారు. లింగరాజు దుంపలవలస దగ్గర వేలు పెట్టి జరుపుతూ వెళ్ళాడు. దక్కను పీఠభూమి దాటింది, వింధ్య దాటింది, పచ్చరంగు పోయి పసుపురంగు వచ్చింది. పటం అంచు దగ్గర, ఇక ఇసుక తప్ప ఏమీ లేనిచోట, రేతిగఢ్ దొరికింది. రైల్లో మూడు రోజులు. అక్కడికి వేస్తామన్నందుకు ఒకాయన స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నాడనీ, ఇంకొకాయన సన్యాసం తీసుకున్నాడనీ ఆఫీసులో చెప్పుకునేవారు.

లింగరాజు పటం మీంచి వేలు తీసేశాడు. సుభద్ర కళ్ళ ముందు మెదిలింది. ఆ బిడ్డ కోసం అచ్చియ్యమ్మ దీపాలకొండ చుట్టూ కాలినడకన ప్రదక్షిణాలు చేసి, కాళ్ళు వాచి, వారం రోజులు మంచం దిగకపోవడం గుర్తొచ్చింది. అప్పుడే, ఆ గుర్తుతోపాటే, పాడు ఆలోచన కూడా వచ్చింది.

"సార్, దూరం తక్కువయింది తిన్నగా ఎగరబట్టి కదా. దీపాలకొండ చుట్టూ తిప్పితేనో?"

మార్కండేయులు గారు కుర్చీలోంచి లేచారు. ఆయన లేవడం ఆ ఆఫీసులో ఎవరూ చూసి ఎరగరు.

"చూశారా! ముప్పయ్యారు అనేది భౌగోళిక దూరం. అది ప్రకృతి ఇష్టానుసారం ఇచ్చినది. దానికి ఫైలు లేదు, సంతకం లేదు. నూట యాభై అనేది పరిపాలనా దూరం. దానిని మనం ఇస్తాము. ప్రకృతి చేసిన పొరపాటును సరిదిద్దడానికే కదా ప్రభుత్వం ఉన్నది!"

ఆరు చుట్లు తిప్పితే లెక్క అతికినట్టు సరిపోయింది. దుంపలవలస బతికింది, లింగరాజు బతికాడు. ఆ సాయంత్రం సుభద్రకి పాలకోవా కొనుక్కెళ్ళాడు.

అయితే ఆరు అనేది సరిసంఖ్య. దీపాలమ్మ తల్లికి సరిసంఖ్యలో ప్రదక్షిణాలేమిటని దేవస్థానం వారు అభ్యంతరం చెప్పారు. న్యాయమైన అభ్యంతరమే కనక ఏడు చేశారు. ఎక్కువైన దూరాన్ని ఏం చెయ్యాలో తెలియక "నిల్వ దూరం" అనే పద్దు కింద వేశారు. విమానానికి "గగన ప్రదక్షిణ" అని పేరు పెట్టారు. అంతవరకూ బోసిగా తిరిగిన విమానం ఒక్కసారిగా కిక్కిరిసిపోయింది. కొండ చుట్టూ నడవలేని మోకాళ్ళ నొప్పులవాళ్ళంతా దర్జాగా కూర్చుని ఏడు ప్రదక్షిణాలు చేసి, దిగగానే మోకాళ్ళు తగ్గాయని పేపర్లకి చెప్పారు.

వారం తిరక్కుండా గొడవ లేచింది. పైలటుది ఏ రాష్ట్రమో గానీ, అతనికి కొండ కొండలాగే కనిపించింది. పోయేటప్పుడు కొండ కుడిపక్క ఉంది కనక కుడికే తిప్పాడు. వచ్చేటప్పుడు అది ఎడమపక్కకి వచ్చింది, ఎడమకి తిప్పాడు. అంటే అప్రదక్షిణం! పోయేటప్పుడు కట్టుకున్న పుణ్యమంతా వచ్చేటప్పుడు ఏడు చుట్లలో ఊడిపోయిందని తెలిసి ప్రయాణికులు విమానాశ్రయంలో ధర్నా చేశారు. విమానానికి పసుపునీళ్ళు చల్లి, ముక్కుకి బూడిద గుమ్మడికాయ కట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాక గానీ శాంతించలేదు. ఆనాటి నుంచి తిరుగు విమానం కొండని దాటి ముందుకుపోయి, వెనక్కి తిరిగొచ్చి, అప్పుడు కుడికి తిరగడం మొదలుపెట్టింది. నిల్వ దూరం ఇంకా పెరిగింది.

ప్రదక్షిణాలన్నాక చెప్పులేమిటని ఇంకొకరు అడిగారు. ఇదీ న్యాయమే. విమానమెక్కే ముందు చెప్పులన్నీ విప్పించి గంపల్లో వేశారు. విమానంలోనే పెడితే మైల కనక, ఆ గంపల్ని ఆర్టీసీ బస్సులో అవతలి ఊరికి పంపించే ఏర్పాటు చేశారు. ఈ ఏర్పాటు చేసింది లింగరాజే. చాలా బాగుందని అందరూ మెచ్చుకున్నారు కూడా.

అక్కడే కొంప మునిగింది.

రాజధాని నుంచి తనిఖీ బృందం వచ్చింది. నలుగురు పెద్దమనుషులు దుంపలవలసలో బూట్లు విప్పి విమానమెక్కి, ఏడు ప్రదక్షిణాలు చేసి, కోటగెడ్డలో దిగారు. దిగేసరికి వాళ్ళ బూట్లు గుమ్మంలో వరసగా పెట్టి ఉన్నాయి. పాలిష్ కూడా చేసి ఉన్నాయి. అప్పటికే చాలాసేపైందని తెలియడానికి, ఒక బూటులో పిల్లి పడుకుని ఉంది.

బృందం నాయకుడు బూట్లకేసి చూశాడు. పిల్లికేసి చూశాడు. మార్కండేయులు గారికేసి చూశాడు.

"మా పాదరక్షలు మాకంటే ముందు ఏ విధంగా చేరినవి?"

"బస్సులో అండి."

"అనగా, సామాన్యుడి బస్సు ప్రభుత్వ విమానం కంటే వేగంగా పోతున్నదని మీరు లిఖితపూర్వకంగా ఒప్పుకుంటున్నారా?"

ఎవరు ఎంత కాదన్నా సంగతి అదే. విమానానికి రెండు గంటల ముందు రావాలి. మెటల్ డిటెక్టరు దాటాలి, కొబ్బరికాయ కొట్టాలి, ఏడు చుట్లు తిరగాలి, దిగాక బ్యాగు కోసం నిలబడాలి. ఇదంతా మూడున్నర గంటలు. బస్సుకి ముప్పావుగంట. అయితే తప్పు విమానానిది అని తీర్మానించడానికి ఆ బృందంలో ఎవరికీ అధికారం లేదు. తప్పు బస్సుదేనని ఏకగ్రీవంగా తేలింది.

"పరిపాలనాపరంగా నూట యాభై కిలోమీటర్లున్న దూరాన్ని ముప్పావుగంటలో చేరడం అతివేగం. అది ప్రమాదకరం. ప్రజల ప్రాణరక్షణ మన ప్రథమ కర్తవ్యం" అన్నాడు నాయకుడు, పిల్లిని దులిపి బూటు తొడుక్కుంటూ.

అలా పుట్టింది వేగ సమన్వయ ఉత్తర్వు. పాత మైలురాళ్ళు పీకి కొత్తవి పాతారు. ఒకదాని పక్కన ఒకటి, వరసగా పళ్ళలాగా. వంతెన దగ్గర గేటు పెట్టారు. గేటు పక్కన నిరీక్షణ మండపం కట్టారు. ఏ ఊరి నుంచి వచ్చిన వాహనమైనా ఆనాటి విమానం అవతల దిగిందని కబురు వచ్చేదాకా ఆ మండపంలో ఆగి తీరాలి. భూమ్మీద పోయే ఏదీ ఆకాశంలో పోయేదానికంటే ముందు చేరకూడదు.

స్థానికుడని ఉత్తర్వు చిత్తుప్రతి లింగరాజు చేతే రాయించారు. అతను అన్నీ రాసి, చివర "అంబులెన్సులకు మినహాయింపు కలదు" అని చేర్చాడు. డైరెక్టరు గారు ఆ వాక్యం దగ్గర ఆగిపోయారు.

"అంబులెన్సు విమానం కంటే ముందు చేరితే, రేపు ఆరోగ్యవంతులు కూడా అంబులెన్సులోనే పోతారు. అప్పుడు విమానమెవరు ఎక్కుతారు? విమానం ఎవరూ ఎక్కకపోతే తమరు ఎక్కడికి వెళ్తారు?"

ఆయన వేలు గోడ మీది పటం వైపు వెళ్ళింది. పసుపురంగు వైపు.

లింగరాజుకి సుభద్ర గుర్తొచ్చింది. రేతిగఢ్ కూడా గుర్తొచ్చింది. ఇంకా నెలన్నర ఉంది కదా, అప్పటికి ఏదో ఒకటి చూసుకోవచ్చు, గేటు మనిషి మనవాడే కదా అని తనకి తానే నచ్చజెప్పుకున్నాడు. ఆ వాక్యం కొట్టేసి, "ఎటువంటి మినహాయింపులూ లేవు" అని రాసి కింద సంతకం పెట్టాడు. పిరికివాడు చెడ్డవాడు కానక్కర్లేదు. వాడి చేత పని చేయించుకునేవాళ్ళకి వాడి పిరికితనం చాలు.

ఆ మర్నాటి నుంచి అతను కూడా మండపంలో కూర్చున్నాడు. చీకట్లో లేచి బయల్దేరితే మధ్యాహ్నానికి ఆఫీసు చేరేవాడు. చేరగానే తిరుగు బస్సు వేళయ్యేది. అచ్చియ్యమ్మకి ఏమీ అర్థం కాలేదు. అతను మండపంలో ఉండగానే ఫోను చేసింది.

"ఏట్రా నాయినా, నాలుగు చుట్టలయినాయి, నువ్వింకా సేర్నేదు! నీ ఆఫీసుని ఎక్కడికి ఈడ్సుకుపోనారేటి?"

"ఆఫీసు అక్కడే ఉందమ్మా. దూరం పెరిగింది."

"దూరం పెరగడమేటి, అదేమన్నా పిల్లాడా?"

"ఊరుకో అమ్మా" అన్నాడు లింగరాజు.

నెలన్నర గడవనే లేదు. ఒక రెండో శనివారం పొద్దున్న, కాఫీ గ్లాసు అందిస్తూ సుభద్ర అలాగే గోడ పట్టుకుని కూర్చుండిపోయింది. మొహం పాలిపోయింది. ఉమ్మనీరు పోయింది. అంబులెన్సు వచ్చింది. అచ్చియ్యమ్మ కోడలి తల ఒళ్ళో పెట్టుకుంది. లింగరాజు కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. వంతెన దాకా అంబులెన్సు రివ్వున పోయింది. వంతెన దగ్గర గేటు పడి ఉంది.

గేటు మనిషి కూర్మయ్య పరుగున వచ్చి నమస్కారం పెట్టాడు.

"బాబూ, తమరా! కూసోండి బాబూ మండపంలో. ఇమానం ఇంకా లెగనేదు."

"కూర్మయ్యా, గేటెత్తు. మా ఆవిడకి నొప్పులు."

కూర్మయ్య మొహం చిన్నబోయింది. మండపం గోడకి అంటించిన ఉత్తర్వు దగ్గరికి వెళ్ళి, అందులో అడుగున వేలుపెట్టి చూపించాడు.

"ఎటువంటి మినాయింపులూ లేవని రాసున్నాది బాబూ. సంతకం తమరిదే. మొన్న గుండెనొప్పి ముసిలాయన్ని ఇక్కడే ఆపీసినాను. ఆ బాబు మరి లెగనేదు. అప్పుడు నానడిగితే, రూలు రూలే అని తమరే అన్నారు."

ఆ మాట లింగరాజు అన్నదే. ఫోన్లో అన్నాడు, భోంచేస్తూ అన్నాడు. ఆ ముసలాయన పేరైనా అడగలేదు.

డైరెక్టరు గారికి ఫోను చేశాడు.

"అయ్యో, పాపం!" అన్నారు మార్కండేయులు గారు. ఆయన గొంతులో నిజంగానే జాలి ఉంది. "దీనిని పూర్తి మానవతా దృక్పథంతో పరిశీలించి కమిటీ ముందు ఉంచుతాను. కమిటీ వచ్చే నెల సమావేశమవుతుంది. అంతవరకు ఆవిడను ధైర్యంగా ఉండమనండి. ఈరోజు విమానంలో వీఐపీలున్నారు, వారి కోరికపై పదకొండు ప్రదక్షిణాలు చేయిస్తున్నాము. కొంచెం ఆలస్యమవుతుంది."

ఆయన అంటూండగానే కొండ వెనక నుంచి విమానం వచ్చింది, ముక్కుకి గుమ్మడికాయతో. ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు తిరిగింది. లింగరాజు దాన్ని చూస్తూ నిలబడ్డాడు. దాన్ని పుట్టించింది తనే. చేతికి అందితే పీక నులిమేసేవాడు. అంబులెన్సులోంచి సుభద్ర అరుపు వినిపించింది. అతని పేరే పెట్టి అరిచింది.

"ఇంక ఆగదు! దించండి దీన్ని!" అంది అచ్చియ్యమ్మ. నోట్లో చుట్ట గెడ్డలోకి ఉమ్మేసింది. ఆపేసిన బస్సులోంచి ఆడవాళ్ళు దిగొచ్చారు. ఎవరో రెండు చీరలు అడ్డం కట్టారు. ఎవరో చెప్పుల గంపలు పక్కకి లాగి చోటు చేశారు. వీఐపీల బూట్లు ఒక పక్క, సుభద్ర ఒక పక్క. పైన తొమ్మిదో ప్రదక్షిణం జరుగుతూండగా నిరీక్షణ మండపంలో ఆడపిల్ల పుట్టింది.

పిల్ల ఏడ్చింది. అందరూ నవ్వారు. అచ్చియ్యమ్మ మాత్రం నవ్వలేదు.

"ఒరే, రగతం ఆగడం నేదు. ఆసుపత్రికి ఎల్లకపోతే ఇది దక్కదు."

లింగరాజు వెళ్ళి కూర్మయ్య రెండు చేతులూ పట్టుకున్నాడు. కూర్మయ్య తల గోక్కున్నాడు. ఉత్తర్వుకేసి చూశాడు. పిల్లకేసి చూశాడు. మెల్లగా అతని మొహం విచ్చుకుంది.

"బాబూ, కోటగెడ్డ నుంచి ఒచ్చినోల్లనీ దుంపలవలస నుంచి ఒచ్చినోల్లనీ ఆపమని రాసున్నాది. ఈ పాప ఎక్కడి నుంచీ రానేదు కదా. ఇక్కడే పుట్టినాది. ఇక్కడ పుట్టినోల్లని ఆపమని నేదు. పాపని పంపీగల్ను. పాలకి అమ్మ కావాల, నీల్లు పొయ్యడానికి నాయినమ్మ కావాల. మరి బండిని ఆపితే పాప నడుస్తాదేటి?"

గేటు లేచింది. లింగరాజు ఏడుస్తూ అంబులెన్సు ఎక్కబోయాడు. కూర్మయ్య వినయంగా చెయ్యి అడ్డం పెట్టాడు.

"తమరు మాత్రం కోటగెడ్డ నుంచే ఒచ్చినారు బాబూ."

అంబులెన్సు వెళ్ళిపోయింది. లింగరాజు తన ఉత్తర్వు కింద, తన సంతకం పక్కన కూర్చున్నాడు. విమానం పదకొండు చుట్లూ పూర్తిచేసి, దిగి, కబురు వచ్చేదాకా భార్య బతికుందో లేదో తెలియకుండా అక్కడే కూర్చున్నాడు.

బతికింది. ఇంకాస్త ఆలస్యమయితే చెప్పలేకపోయేదాన్నని డాక్టరమ్మ అంది. ఆలస్యమెందుకయిందని కూడా అడిగింది.

సోమవారం లింగరాజు తిన్నగా డైరెక్టరు గారి గదిలోకి వెళ్ళాడు. జీవితంలో మొదటిసారి తలుపు కొట్టకుండా వెళ్ళాడు.

"సార్, ఆ గేటు తీసెయ్యండి. ఆ ఆలోచన నాదే, తప్పు నాదే. అది ముప్పయ్యారు కిలోమీటర్లు. ముప్పావుగంట. ఒక ముసలాయన చచ్చిపోయాడు, నా భార్య చచ్చి బతికింది. నన్ను రేతిగఢే వెయ్యండి, ఎక్కడికైనా వెయ్యండి. ఆ గేటు తీసెయ్యండి సార్."

మార్కండేయులు గారు ఆప్యాయంగా అతని భుజం తట్టారు.

"ఆవేశపడకండి. మీ సంఘటన రాజధానిలో అందరినీ కదిలించివేసినది. నిరీక్షణ మండపంలో ప్రసవానికి గల అవకాశాలు ఇంతకుమునుపు ఎవరి దృష్టికీ రాలేదు. అచట మార్గమధ్య ప్రసూతి కేంద్రం మంజూరైనది. ప్రారంభోత్సవానికి మీ పాపను తీసుకురావలెను. ఇక తమరికి పదోన్నతి లభించినది. మేనేజరు."

"ఎక్కడ సార్?"

"తమరు కోరిన చోటనే. రేతిగఢ్."

ఆ మాట లింగరాజు నోటి నుంచే వచ్చింది మరి. "సరే సార్. పిల్లకి మూడో నెల రాగానే ఇద్దరినీ అక్కడికి తీసుకుపోతాను. క్వార్టర్సు ఇప్పించండి."

"క్వార్టర్స్ దేనికి?" డైరెక్టరు గారు నిజంగానే ఆశ్చర్యపోయారు. "రేతిగఢ్ దగ్గరే కదా. ముప్పయ్యారు కిలోమీటర్లు."

"సార్, అది రైల్లో మూడు రోజులు!"

"అది భౌగోళికం. మన నమూనా దేశమంతటా అమలవుతున్న విషయం తమరికి తెలియనిది కాదు. దగ్గరగా ఉన్న ప్రతి జంట విమానాశ్రయాల మధ్యా దూరం పెంచారు. దరిమిలా దేశంలో మొత్తం దూరం విపరీతంగా పెరిగిపోయినదని ఆడిట్ వారు అభ్యంతరం తెలిపారు. దేశమేమో అంతే ఉన్నది. కావున ఒకచోట పెంచిన దూరాన్ని మరొకచోట తగ్గించవలసి వచ్చినది. ఎవరూ వెళ్ళడానికి ఒప్పుకోని ఊరు గనుక మొత్తం రేతిగఢ్ పద్దులోంచే తగ్గించారు. ప్రస్తుతం అది తమ ఇంటికి అత్యంత సమీపంలో ఉన్నది. తమరు రోజూ ఇంటి నుండే వెళ్ళి రావచ్చును. అందుచేత క్వార్టర్స్ లేవు, కుటుంబాన్ని తరలించే భత్యం లేదు, ఇంటికి వెళ్ళడానికి ప్రత్యేక సెలవు అసలే లేదు."

లింగరాజు వాదించడానికి నోరు తెరిచాడు. పరిపాలనా దూరం అనేదే లేదని చెప్పాలంటే, దుంపలవలస విమానాశ్రయమూ లేదు, తన జీతమూ లేదు, ఇన్నాళ్ళ తన ఉద్యోగమూ లేదు. తెరిచిన నోరు మూసుకున్నాడు.

బయల్దేరే రోజున సుభద్ర పిల్లని ఎత్తుకుని గుమ్మంలో నిలబడింది. ఇంకా నీరసంగానే ఉంది. గేటు దగ్గర జరిగినదాని గురించి అతన్ని ఒక్క మాటా అనలేదు. ఆవేళ మాత్రం అడిగింది.

"సాయంత్రానికి వచ్చేస్తారా?"

అతను పిల్ల అరికాలు ఒకసారి ముట్టుకుని, సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

అచ్చియ్యమ్మ అలవాటు కొద్దీ చుట్ట ముట్టించింది. అది అయిపోయింది. ఇంకోటి ముట్టించింది. అదీ అయిపోయింది. రెండోనాటికి కట్ట ఖాళీ అయింది. అప్పుడు ఇంట్లో ఫోను మోగింది. అవతల మార్కండేయులు గారు.

"అమ్మా, లింగరాజు గారు నిన్న ఉదయం బయల్దేరినట్లు రికార్డు అయినది. ఇంతవరకు రేతిగఢ్‌లో డ్యూటీలో చేరలేదని ఫిర్యాదు వచ్చినది. ముప్పయ్యారు కిలోమీటర్ల దూరానికి ఇంత జాప్యమేమిటి? వారు ఎక్కడున్నారు?"

అచ్చియ్యమ్మ నోట్లోని ఆఖరి చుట్ట తీసింది.

"ఆడిక్కడ నేడు బాబూ, అక్కడికీ రానేదంటన్నారు. నా సుట్టల్తో కొలిస్తే ఆడింకా దారి మద్దిని ఉన్నాడు. మీరు కొలిసిన దూరమే నిజమైతే నిన్ననే ఒచ్చీసుండాల. మీ కాగితాల్లోనే ఎక్కడో తప్పిపోయుంటాడు. మీరే ఎతకండి బాబూ. దొరికితే సాయంత్రానికి ఇంటికి పంపీండి, ఆడి పెల్లాం అడుగుతన్నాది."

ఫోను పెట్టేసి, ఏడుస్తున్న మనవరాలిని ఒళ్ళోకి తీసుకుంది.